నలభై ఓముల బల్బు

పోయిన వారం వికారాబాదులో మా ఇంటికి గీజరు చూడడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్, పటకారులా తెరుచుకునే మీటరు ఒకటి వైరు చుట్టూ తగిలించి, "తొమ్మిది ఆంపియర్లు గుంజుతున్నదమ్మా, మంచిగనే ఉన్నది" అని క్షణంలో తేల్చేశాడు. తొమ్మిదిని రెండువందల ముప్పైతో హెచ్చిస్తే రెండువేల డెబ్బై వాట్లని నేను లెక్కగట్టేలోపే ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. నాకైతే ఆ లెక్క తాండూరు బజారులో నలుగురు పిల్లల ఎదుట పరువు పోయాక గానీ సరిగ్గా రాలేదు.

తాండూరు ఆడపిల్లల బడిలో నాకు సైన్సు టీచరు ఉద్యోగం వచ్చి అప్పటికి రెండు నెలలు. మా ఇంట్లో అంతకుముందు అందరూ ఒకరి చేలో కూలికి పోయినవాళ్లే కాబట్టి, మా నాయన పొద్దున్నే నన్ను వికారాబాదు స్టేషనులో ప్యాసింజరు బండి ఎక్కించి, అది కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదున్న వాళ్లందరికీ నేనెంత చదివానో వివరించేవాడు. ఆయనకు తెలిసిన సైన్సు ఒక్కటే: తన బిడ్డ తప్పు చెప్పదని.

పదో తరగతికి కరెంటు పాఠం వచ్చింది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, హెచ్చిస్తే పవరు అని నల్లబల్ల మీద రాసి ఊరుకోవచ్చు. కానీ కొత్త ఉత్సాహం కదా, బజారులో ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణానికి వెళ్లి వంద వాట్ల బల్బు కొనుక్కొచ్చి, బడి మీటరుతో దాని నిరోధం కొలిచి చూపించాను. నలభై ఓములు. రెండువందల ముప్పైని నలభైతో భాగిస్తే దాదాపు అయిదుముప్పావు ఆంపియర్లు, దాన్ని మళ్లీ రెండువందల ముప్పైతో హెచ్చిస్తే పదమూడువందల పైచిలుకు వాట్లు. క్లాసులో అందరికీ అదే జవాబు వచ్చింది. వంద అని ముద్ర వేసుకున్న బల్బు పదమూడువందలు మింగుతోందంటే పచ్చి మోసం కాక మరేమిటి? పిల్లలు ఎక్కడ బల్లలు విరగ్గొడతారో అన్నంత ఆవేశపడ్డారు, వాళ్లకంటే నేనెక్కువ పడ్డాను. ఆ ఊపులో పై అధికారులకు పిల్లల చేత ఒక ఫిర్యాదు కూడా రాయించాను. మా పెద్ద టీచరమ్మ లెక్క జోలికి పోకుండా, "గింత మోసమా!" అని సంతకం పెట్టేసింది.

పోస్టులో వేసేముందు దుకాణదారుని నిలదీద్దామని, సాయంత్రం బడి వదలగానే నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. అందరూ సేఠ్ అని పిలిచే ఆ పెద్దాయన చదివింది అయిదో తరగతి అని తర్వాత తెలిసింది. నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, మాకు స్టూళ్లు వేయించి, చాయ్ తెప్పించి, అప్పుడు నోరు విప్పాడు.

"లెక్క మంచిగనే ఉన్నది టీచరమ్మా. గని గీ బుగ్గను సల్లగున్నప్పుడే చూసిన్రా, ఎలిగినంక గూడ చూసిన్రా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన నేను తెచ్చిన ఆ బుగ్గకే, అంటే బల్బుకే, కరెంటు కొలిచే ఆమ్మీటరు కలిపి స్విచ్చి వేశాడు. ముల్లు అర ఆంపియరు కూడా దాటకుండా, పాయింటు నాలుగు మూడు దగ్గర ఆగింది. పిల్లలు పాత పేపరు అంచు మీద భాగహారం చేశారు: నిరోధం అయిదువందల ముప్పై అయిదు ఓములు, పవరు దాదాపు తొంభైతొమ్మిది వాట్లు.

"లోపల తీగె ఎర్రగ కాలుతున్నది గద, కాలినకొద్ది కరెంటును మస్తుగ ఆపుతది. మీరన్నంత గుంజితె మా కరెంటు మీటర్ల చక్రం గిరగిర తిరగాలె" అన్నాడు.

వేడెక్కితే లోహాల నిరోధం పెరుగుతుందన్నది డిగ్రీలో నేను రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న ప్రశ్న! చెవులు కాలిపోతుండగా లేవబోతుంటే, నలుగురిలో చురుకైన పిల్ల నా సంచిలోంచి ఫిర్యాదు కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తన మీద రాసిన ఆ ఫిర్యాదును మొదటి నుంచి చివరిదాకా చదివి, "అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయ్, ఎవల్రాసిన్రు?" అని మాత్రం అడిగి మడిచి నాకే ఇచ్చేశాడు. పైగా ఆమ్మీటరు కూడా రెండు రోజులకు అరువిచ్చాడు.

తిరుగు బండిలో దారి పొడవునా ఒకటే ఆలోచన, నెపం బడి మీటరు మీదికి నెట్టేస్తే సరిపోతుంది కదా అని. తెల్లారి క్లాసులోకి వెళ్తే ఆ నలుగురూ ఎవరికీ ఒక్క ముక్క చెప్పినట్టు లేదు. నేనేం చెబుతానా అని నా మొహంలోకే చూస్తున్నారు. నెపం నాలుకదాకా వచ్చి ఆగిపోయింది. "నిన్న తప్పు చెప్పాను" అన్నాను. వెనక బల్ల నుంచి ఒక పిల్ల, "అయితె మేం రాసుకున్నది కొట్టేయాల్నా టీచర్?" అని దిగులుగా అడిగింది. కొట్టేయొద్దు, పక్కనే సరైనది రాసుకోండన్నాను. మధ్యాహ్నం పెద్ద టీచరమ్మ ఉత్తరం పోయిందా అని అడిగితే, "బల్బు బాగైపోయింది మేడం" అన్నాను. ఆవిడ సంతోషించింది.

ఈ మధ్య ఒక పెళ్లికి తాండూరు వెళ్లి, ఆ బజారులో నడిచాను. సేఠ్ పోయి చాలా ఏళ్లయింది. దుకాణం రెండు ముక్కలై, రెంటిలోనూ ఫోన్ల సామాన్లే వేలాడుతున్నాయి. కూర్చోవడానికి స్టూలు కాదు కదా, నిలబడడానికే జాగా లేదు. నాతో తగువు పెట్టుకునే తీరిక అక్కడెవరికీ ఉన్నట్టు లేదు, ఓపిగ్గా తప్పు దిద్దే తీరిక అంతకంటే లేదు. "ఏం కావాలె ఆంటీ?" అని అడిగితే, ఒక చార్జరు వైరు కొనుక్కుని బండెక్కాను. ఇంట్లో అలాంటివి మూడున్నాయి.