ఫ్రిజిడ్ అన్న మాటకు సుజాత ఇచ్చిన జవాబు

తిరువళ్ళూరులో కోర్టు దుబాసీగా చేరి పదేళ్ళు దాటాక, ఒక ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, ముగియగానే, తిరుత్తణి వైపు ఉన్న ఒక చిన్న కోర్టులో కేసుకని నన్ను పంపారు. దుబాసీ అంటే ఇంటర్‌ప్రెటర్. జడ్జికీ సాక్షికీ మధ్య నిలబడి, ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పే ఉద్యోగి. హోదాలో గుమాస్తాకు కాస్త పైన, శిరస్తదారుకు చాలా కింద. సొంత మాట ఒక్కటి కలపకూడదు, విన్న మాట ఒక్కటి మింగకూడదు. సాక్షి బూతు తిడితే ఆ బూతునే జడ్జిగారి మొహం చూస్తూ చెప్పాలి. మణవాళనగర్‌లో మా ఇరుగుపొరుగు వాళ్ళు, ఫ్యాను కింద నిలబడి మాట్లాడే ఉద్యోగం, నీకేమక్కా అనేవాళ్ళు. ఒక్క పూట నా చోట నిలబడి ఉంటే తెలిసేది వాళ్ళకు.

కేసు విడాకులది, వేసింది భర్త. ఇలాంటివి తలుపులు మూసి విచారించే పద్ధతి ఉంది. గదిలో జడ్జిగారు, స్టెనో, ఇద్దరు వకీళ్ళు, భార్యాభర్తలు, నేను. ఆడవాళ్ళం ఇద్దరమే. భార్యను సుజాత అంటాను. కే.జీ.కండిగైలో సేద్యం చేసుకునే వాళ్ళ పిల్ల, ఫ్యాక్టరీలో షిఫ్టు పని. నీకు తమిళం రాదా అని జడ్జిగారు అడిగారు.

"వస్తాది సార్. అరవంలో బస్సెక్కతా, బేరమాడతా. ఈ సంగతి చెప్పాలంటే మా ఇంటి మాటే కావాల" అంది. ఆయన ఒప్పుకుని, ఆమెచేత ప్రమాణం చేయించమని నాకు చెప్పారు.

పిటిషన్ ఇంగ్లీషులో ఉంది. దాని ప్రాణమంతా ఒకే మాటలో పెట్టారు: సుజాత ఫ్రిజిడ్. చాలాసార్లు వింటున్న మాటే అయినా, దుబాసీకి విన్నంత మాత్రాన చాలదు. ముందు రోజే వకీళ్ళ లైబ్రరీలో లావుపాటి నిఘంటువు దించి చూశాను. లాటిన్ నుంచి వచ్చిన మాట. చల్లనిది, గడ్డకట్టేంత చల్లనిది అని అసలు అర్థం. ఇళ్ళల్లో ఫ్రిజ్ ఆ వేరు నుంచి వచ్చిందే. బళ్ళో భూగోళం పాఠంలో ధ్రువాల దగ్గరి మంచు ప్రాంతాలకు ఈ పేరే చదువుకున్నాం. తర్వాత అది మనిషి స్వభావానికి వచ్చింది: ముభావి, పలకరిస్తే పలకని మనిషి. నాకు ఒళ్ళు మండింది ఆ తర్వాతి సంగతి చదివినప్పుడు. ఐరోపాలో చర్చి కోర్టులు పెళ్ళిళ్ళ తగవులు తీర్చే కాలంలో, ఈ మాట పడింది మగవాడి మీద. భార్యతో కాపురం చేయలేని భర్తను అలా అనేవాళ్ళు, పెళ్ళి రద్దు చేయడానికి అదొక కారణం. రానురాను అది మగవాడి మీద నుంచి దిగి ఆడదాని నెత్తిన కూర్చుంది. ఇప్పుడు దాన్ని మగవాడికి వాడితే జనం నవ్వుతారు.

క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి వకీలు సాక్షిని గుచ్చి అడగడం, భర్త వకీలు ఆడి నెలతో మొదలుపెట్టారు. పెళ్ళైన నెలకే పుట్టింటికి వెళ్ళిపోయావా, అవునా కాదా?

"అవును. ఆడి గదా. మా అత్తే పంపిచ్చింది. కొత్త కోడల్ని ఆడిలో ఎవురు పెట్టుకుంటారు?" అంది సుజాత.

నేను తమిళంలో చెప్పాను. ఆ వకీలు కూడా ఈ ఊళ్ళవాడే. వాళ్ళింటి ఆడపిల్లల్నీ ఆడికి పిలుచుకొచ్చే ఉంటారు. అయినా మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఆడి ముందు నెలరోజులూ, తిరిగొచ్చాక ఆరు నెలలూ ఒకే గదిలో ఉన్నారు కదా అన్నారు. అవునంది. అప్పుడు ఆ మాట తీశారు. నువ్వు ఫ్రిజిడ్‌వి కాబట్టే కాపురం సాగలేదు అంటాను, ఏమంటావు?

సుజాత నా వైపు తిరిగింది. "అంటే ఏందక్కా?"

సాక్షి నన్ను అడిగితే నేను జవాబు చెప్పకూడదు. జడ్జిగారికి విన్నవించాను. అర్థం చెప్పండి అన్నారు. మెత్తగా చెబుదామని నోటిదాకా వచ్చింది, కానీ మెత్తగా చెప్తే ఆమెకు తన మీద పడ్డదేమిటో తెలియదు. "మొగుడు దగ్గరికొస్తే ఒంట్లో వేడి పుట్టని ఆడది, మంచుగడ్డ మాదిరి పడుండేది అని రాసినారమ్మా" అన్నాను.

ఆమె కూర్చున్న భర్తను చూసింది. అతను నేల చూస్తున్నాడు.

"ముట్టుకొని ఉంటే గదక్కా తెలిసేది" అంది.

ఆ ఏడు మాసాల కాపురం మీద ఆమె చెప్పిన వాక్యం అదొక్కటే. అత్తింటి పరువని అంతవరకూ సొంత వకీలుకు కూడా చెప్పలేదట. నేను ఉన్నదున్నట్టు తమిళంలో చెప్పాను. అవునో కాదో చెప్పమనండి, ఇది జవాబు కాదు అని వకీలు లేచారు. జవాబే అన్నారు జడ్జిగారు. స్టెనో ఎక్కించుకున్నాడు.

తర్వాతి వాయిదాకు భర్త తరఫువాళ్ళు రాజీకి దిగారు. అతనికి డాక్టరు పరీక్ష అడుగుతారని భయం పట్టింది. ఇద్దరి సమ్మతితో విడాకులు తీసుకుందామన్నారు. సుజాతకు విడాకుల మీద పేచీ లేదు. ఆమె అడిగింది ఒకటే, పిటిషన్‌లో ఆ మాట కొట్టేయాలి. భర్త వకీలు సరేనన్నారు, ఒక షరతు మీద. తన జవాబు కోపంలో అన్నదని, నిజం కాదని ఆమె ఒక మెమో రాసివ్వాలి. సిగ్గులేని బేరం. నా ఉద్యోగంలో చాలా బేరాలు చూశాను గానీ దీన్ని తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను, అదే నా పని.

సుజాత తండ్రి బయట వరండాలో ఉన్నాడు. వెళ్ళి అడిగొస్తావా అన్నారు జడ్జిగారు. తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. రెండూ ఉండనీ. చదివేవాళ్ళు రెండూ చదవనీ."

అలాగే రికార్డులో నిందా జవాబూ రెండూ ఉండిపోయాయి, విడాకులు వచ్చాయి. భర్తకు మళ్ళీ పెళ్ళైంది. కొన్నాళ్ళకు తిరుత్తణి బస్టాండులో సుజాత కనిపించింది. సంబంధాలు వస్తున్నాయా అన్నాను. "వస్తాయక్కా. అది చల్లటి పిల్ల అని మా మాజీ అత్త ముందే చెప్పి పంపిస్తాది. ఇంగ్లీషు మాట యాడ నేర్చుకునిందో, అదే చెప్తాదంట" అంది. నవ్వలేదు, ఏడవలేదు. బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

చదివేవాళ్ళు రెండూ చదవాలంది. కానీ తలుపులు మూసిన కేసు కట్టను ఎవరు చదువుతారు? నింద రాసినవాళ్ళు దాన్ని నోటితో ఊరంతా తిప్పారు. జవాబు మాత్రం రికార్డు గదిలో బీరువాలో ఉంది. మూసిన తలుపు ఆడదాని పరువు కాపాడుతుందని మాకు చెప్పేవాళ్ళు. నేను చూసినంతలో అది ఆమె జవాబును మాత్రమే లోపల ఉంచింది. ఉద్యోగంలో ఉండగా ఈ మాట బయట చెప్పే హక్కు నాకు లేదు. ఇప్పుడు ఇక్కడ పేరు మార్చాను, ఊరు మార్చాను. జవాబు మార్చలేదు.