విశ్వాసి కాని మా బావ

సండూరు వైపు వెళ్లేవాళ్లకు దారి సులువే. గుంతకల్లులో పొద్దున్నే రైలెక్కితే గంటకో గంటంబావుకో బళ్లారి. స్టేషన్ బయట ఇడ్లీ తిని సండూరు బస్సు పట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆ రోజు ఇడ్లీ సహించలేదు. తారానగర్‌లో మా అక్క భర్త ఓబులేసు ముందురోజు రాత్రి చనిపోయాడు.

తోరణగల్లు దాటాక బస్సు గనుల లారీల వెనక పాకుతూ పోయింది. పక్కసీటులో ఒక పెద్దామె, ఒళ్లో బైబిలు. బావ కూడా చర్చికి పోయేవాడని చెప్పాను.

"ఆయప్ప విశ్వాసేనా?" అంది.

"పదేండ్లుగా పోతాండె. చర్చి ఊడ్చేది, విందులకు బోకులు తోమేది ఆయనే."

"వచ్చి పోయేటోళ్లు వేరప్పా, విశ్వాసులు వేరే. బాప్తిస్మం తీసుకున్యాడా?"

తీసుకోలేదు. తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని, కూతురి కాలేజీ సీటుకు ఎసరొస్తుందని ఆగాడు. అక్క మాత్రం తీసుకుంది. ఇది వినగానే పెద్దామె కిటికీ వైపు తిరిగింది.

సండూరులో దిగి ఆటోలో తారానగర్ చేరేసరికి పన్నెండు దాటింది. శవం ఇంటి ముందే ఉంది. గుంత ఇంకా తవ్వలేదు. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"మంచి మనిషప్పా. కానీ సంఘం సమాధుల స్థలం విశ్వాసులకే. రూల్సు అట్ల ఉండాయి."

కులం శ్మశానంలోనైనా చోటిమ్మని కులపెద్ద దగ్గరికి పరుగెత్తాను. "మన దేవర్ని ఇడిసిపెట్టి ఆ చర్చిలో కూచున్యాడు కదప్పా. ఇప్పుడు ఈడికేంటికి?" అన్నాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి వంక గట్టున, బావతో లోడు ఎత్తిన హమాలీలూ నేనూ కలిసి తవ్వి పూడ్చాం. పాస్టరు గారు గుంత దగ్గరికి రాకుండా, దూరంగా గట్టు మీద నిలబడే ప్రార్థన చేశారు. "విశ్వాసురాలైన ఈ సహోదరిని ఆదరించు ప్రభువా" అనగానే అక్క తలెత్తింది.

"అయ్యా, నాకు మీ స్థలంలో చోటుండాదా?"

"ఎందుకుండదమ్మా?"

"అయితే నా పేరు కొట్టేయండి. నన్నూ ఈడనే, ఆయప్ప పక్కనే పెడతారు."



సాయంత్రం బళ్లారి బస్సెక్కాను. విశ్వాసి అంటే నమ్మినవాడని బడిలో నేర్పారు. బావ దేవుణ్ణి ఎంత నమ్మాడో నాకు తెలియదు. ఈ మనుషుల్ని మాత్రం పూర్తిగా నమ్మాడు.