మార్నీ కారులో కోడిగుడ్డు

మార్చి రెండో శనివారం ఉదయం పదకొండింటికి, కీత్లీ ఊళ్లో మా వీధి మలుపున ఉన్న, మాంసం కూరిన 'పై' రొట్టెలమ్మే దుకాణం ముందు, మార్నీ సగ్డెన్ కారు తలుపు పిడి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కోటు జేబులో వేసుకుని, లోపలికి వెళ్లి రెండు పైలు కొనుక్కుంది. బయటికొచ్చాక, అవతలి తలుపు బయటినుంచి తెరుచుకోదన్న సంగతి గుర్తొచ్చి, వెనక డిక్కీ తెరిచింది. ముందు పైల సంచీని లోపలికి తోసి, దాని వెనకాలే తనూ దూరింది. బస్సు కోసం వరుసలో నిలబడ్డ ఏడుగురూ వరుస చెదరకుండా చూశారు. ఆమె పాకుతూ ముందు సీటుకి చేరేలోగా ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఏడుగురిలో ఇద్దరే ఎక్కారు.

అప్పటికి ఆ కారు ఆమె సొంతమై రెండు గంటలైంది.

మార్నీకి పందొమ్మిదేళ్లు. మా ఎదురింట్లో అమ్మమ్మ బెరిల్ దగ్గర పెరిగింది. చిన్నప్పుడు చాక్లెట్ పొట్లం ఇస్తే, మీద రాసినన్నీ లోపల ఉన్నాయో లేదో లెక్కపెట్టి గానీ ఒకటి నోట్లో వేసుకునేది కాదు. ఇప్పుడు ఇళ్లకు వెళ్లి వయసు మళ్లినవాళ్లకు స్నానం చేయించి, మందులిచ్చి, టీ పెట్టే ఉద్యోగం చేస్తోంది. పొద్దున ఆరింటి నుంచి ఒంటిగంట దాకా పదకొండు ఇళ్లు. అన్నీ కొండల మీద. కారు లేనివాళ్లకు ఆ ఉద్యోగం ఇవ్వరు. మూడు నెలల్లో కారు కొంటానని రాసిచ్చి చేరింది.

కారు అమ్మినాయన పక్క ఊరు బింగ్లీ నుంచి వచ్చాడు. బేరం మా గుమ్మం ముందే జరిగింది.

"ఎందుకమ్ముతున్నారు?" అంది మార్నీ.

"మా ఆవిడ వాడేదమ్మా. చర్చికి, కూరగాయలకి. అంతే."

"ఏ చర్చి?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అదే, కొండ మీదది."

"ఆదివారం ఎన్నింటికి మొదలవుతుంది?"

"నువ్వు కారు చూడ్డానికొచ్చావా, మా ఆవిణ్ని చూడ్డానికొచ్చావా తల్లీ?"

"లోపల మూడు సెంటు బిళ్లలు వేలాడదీశారు. ఒకటి చాలదా?"

ఆ మూడో బిళ్ల దగ్గర ఆయన నూట యాభై పౌండ్లు తగ్గాడు. వెయ్యి నూట యాభైకి బేరం కుదిరింది. పదహారేళ్ల బూడిదరంగు బండి. మైళ్లు చూపించే అంకెల్లో సగం వెలగవు. ఊడిన పిడి బదులు పాత సామాన్ల దుకాణంలో పన్నెండు పౌండ్లకు ఇంకోటి దొరికింది గానీ అది ఎర్రది. నాలుగు టైర్లలో ఒకదాన్ని చూసి తనిఖీ కేంద్రంవాళ్లు మొహం చిట్లించారు, దానికింకో పాతిక.

ఇవన్నీ ఓ ఎత్తు, బీమా ఓ ఎత్తు. ఫోనులో అవతలి అమ్మాయి రెండు వేల మూడు వందల నలభై అంది.

"నేనడిగింది కారు ధర కాదండీ, బీమా."

"చెప్పింది బీమానేనండీ."

తగ్గించుకోవడానికి రెండు దారులున్నాయంది ఆ అమ్మాయి. ఒకటి, కారులో అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా పెట్టించుకోవడం. బండి ఎంత వేగంగా పోతోంది, బ్రేకు ఎంత గట్టిగా పడుతోంది, మలుపు ఎలా తిరుగుతోంది అంతా అది కనిపెట్టి, సోమవారం సోమవారం నూటికి ఇన్ని అని ఫోనుకి మార్కులు పంపిస్తుంది. రెండోది, అనుభవం ఉన్న పెద్దవాళ్లెవరినైనా రెండో డ్రైవరుగా రాయించడం.

ఇంట్లో బెరిల్ ఉంది. డెబ్బై ఆరేళ్లు. 1970లో తీసుకున్న లైసెన్సు, డెబ్బై దాటాక మూడేళ్లకోసారి ఫారం నింపి మరీ బతికించుకుంటోంది. యాభై నాలుగేళ్లలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్క జరిమానా లేదు. అది విన్నాక ఫోనులో అమ్మాయి గొంతు మారిపోయింది. వెయ్యిన్నర దగ్గర తేలింది. అంత మచ్చలేని చరిత్ర ఎలా వచ్చిందో బీమావాళ్లు అడగలేదు. అన్నీ అడిగే మార్నీ కూడా ఆ ఒక్కటీ అడగలేదు.

షరతు ఒకటుంది. మార్కులు యాభై కిందికి పడితే హెచ్చరిక. మూడోసారి పడితే బీమా రద్దు. రద్దయిన సంగతి ఆ తర్వాత ఏ బీమా కంపెనీకైనా చెప్పి తీరాలి. చెప్పాక వాళ్లడిగే డబ్బుకి ఇంకో రెండు కార్లొస్తాయి. బీమా లేకపోతే బండి కదలదు, బండి కదలకపోతే ఉద్యోగం లేదు.

అందుకని మార్నీ నిండు పాలగిన్నె ఒళ్లో పెట్టుకున్నట్టు నడిపేది. వెనకనుంచి హారన్లు మోగితే అద్దంలో వాళ్ల నంబరు చూసి గుర్తుపెట్టుకునేది. మొదటి వారం తొంభై రెండు. రెండో వారం తొంభై. మూడో వారం అరవై ఒకటి. నాలుగో వారం నలభై ఏడు, దాంతో పాటు ఉత్తరం.

ఆ ఉత్తరాన్ని బెరిల్ కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివింది. "అకస్మాత్తుగా బ్రేకులు వేయడం, మలుపుల్లో అతివేగం గమనించాం. అనుభవజ్ఞురాలైన మీ రెండో డ్రైవరు సలహాలు తీసుకోవడం మంచిది." చదివి కళ్లజోడు తీసింది. "విన్నావా పిల్లా? మలుపు కనబడగానే ముందునుంచే తగ్గించుకుంటూ రావాలి. కాలు ఆడదానిలా వెయ్యాలి బ్రేకు మీద, గుర్రంలా కాదు."

"నేను మెల్లగానే పోతున్నా అమ్మమ్మా."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా."

మార్నీ అనుమానం ముందు డబ్బా మీదికి పోయింది. తర్వాత రోడ్డు గుంతల మీదికి, వాటిని పూడ్చని కౌన్సిల్ మీదికి. తర్వాత బింగ్లీ ఆయన మీదికి. చర్చి పేరు చెప్పలేనివాడు ఇంకేం దాచాడో అని. ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"మీ కిటికీలోంచి మా కారు బాగా కనబడుతుంది కదా?"

"కనబడుతుంది."

"మొన్న టైర్లకేసి చాలాసేపు చూశారు."

"ఎర్ర పిడికేసి చూశాను."

"మీ వైఫై మా డబ్బాని ఏమన్నా చేస్తోందా?"

లేదన్నాను. నమ్మలేదు. ఆ వారం మా వైఫై పేరు పక్కన తన ఫోనులో ఏదో రాసుకుందని తర్వాత తెలిసింది.

ఇంకో వింత, పెట్రోలు. పోసినదానికంటే ఎక్కువ రోజులు వస్తోంది. ఎవరికైనా సంతోషం వేస్తుంది. మార్నీకి ముల్లు తప్పు చూపిస్తోందని దిగులు పట్టుకుంది.

చివరికి సాక్ష్యం కావాలనుకుంది. ఉడికిన గుడ్డు నిలబెట్టుకుని తినే చిన్న కప్పుని స్టీరింగు ముందు బల్ల మీద జిగురుముద్దతో అతికించి, అందులో పచ్చి గుడ్డు నిలబెట్టింది. గుడ్డు పగలకపోతే బండి కుదపనట్టే లెక్క. వారమంతా పదకొండు ఇళ్లూ ఆ గుడ్డుతోనే తిరిగింది. గుడ్డుకి గీటు కూడా పడలేదు. సోమవారం మార్కులు నలభై నాలుగు. రెండో ఉత్తరం.

బీమా ఆఫీసుకి ఫోన్ చేసింది. "గుడ్డు పగల్లేదండీ."

అవతల కీబోర్డు టకటకలాడింది. "మా ఫారంలో గుడ్డుకి గడి లేదండీ."

"ఎప్పుడు, ఎక్కడ గట్టిగా బ్రేకు పడిందో చెప్పండి మరి."

"ఆ వివరాలకి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఇరవై ఎనిమిది రోజులు."

చేతిలో ఉన్నవి ఏడు రోజులు. ఆ వారం యాభై దాటకపోతే అయిపోయినట్టే.

మంగళవారం ఒంటిగంటకు పని ముగించుకుని, కారు గుమ్మం ముందు పెట్టి, ఎప్పట్లాగే పైకెళ్లి పడుకుంది. నాలుగింటికి లేచి, మరచిపోయిన గొడుగు కోసం కారు తెరిచింది. గుడ్డు కప్పులోనే ఉంది. నిటారుగా, శుభ్రంగా ఉంది. మార్నీ మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు. మా దగ్గర ప్రతి గుడ్డు మీదా ఎప్పటిలోగా తినాలో తేదీ ముద్ర వేసి ఉంటుంది. జనం అది చదవకుండానే తినేస్తారు. మార్నీ చదువుతుంది. ఆమె గుడ్డుని తీసుకుని వంటింట్లోకి నడిచింది. బెరిల్ టీ తాగుతోంది.

"అమ్మమ్మా, ఈ గుడ్డు ఎవరిది?"

"కోడిది."

"నేను పెట్టింది మే మూడో తేదీది. ఇది మే పదకొండు."

"గుడ్డుకి కూడా తేదీ చూస్తావటే? నిన్ను చేసుకోబోయేవాడికి ఇప్పుడే నా సానుభూతి."

"మే మూడుది ఎక్కడుంది?"

బెరిల్ కప్పు కింద పెట్టింది. కాసేపు టేబుల్ గుడ్డ సర్దింది. "కొంత నా బూట్ల మీదుంది" అంది.

మార్నీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కిందటి వారం గుర్తుపెట్టుకుని తీసి అలమర్లో పెట్టి వెళ్లానే. ఇవాళ మరిచిపోయాను. పైన కొండ మీద గొర్రెల గేటు దగ్గర మలుపులో ఎగిరింది. గుడ్డు ఎగురుతుందని నాకేం తెలుసు?"

"ఎంత స్పీడులో ఉన్నావు?"

"చూడలేదు. కళ్లు రోడ్డు మీద ఉంచమంటారు కదా."

"ఎన్నిసార్లు?"

"నాలుగు మంగళవారాలు. ఒక గురువారం. పెట్రోలు నా డబ్బుతోనే పోశాను, కావాలంటే చీటీలున్నాయి."

"యాభై నాలుగేళ్లు ఒక్క జరిమానా లేనిదానివి, ఇప్పుడేమొచ్చిందే నీకు?"

"ఎందుకుంటుంది? ముట్టుకుంటే కదా. పెళ్లయిన ఏడాది లైసెన్సు తీసుకున్నా. 'ఇంట్లో ఒక డ్రైవరు చాలు' అన్నాడు మీ తాత. నలభై ఎనిమిదేళ్లు పక్క సీట్లో కూర్చుని ఆయనకి దారి చెప్పాను. ఆయన పోయి ఆరేళ్లైంది, కారూ ఆయనతోనే పోయింది. ఇన్నాళ్లకి నా పేరు రాసిన కారొకటి గుమ్మంలోకొచ్చింది. కాగితం మీద రాశారు కదమ్మా."

మార్నీ ఆ మాటకి మెత్తబడలేదు, అప్పటికింకా. "మరి ఉత్తరం వచ్చినప్పుడు నాకు పాఠం చెప్పావే?"

"చెప్పింది మంచిమాటే. నేను పాటించలేదంతే."

తిట్టుకోవడానికి కూడా టైము లేదు. ఆ మంగళవారం ఐదు మైళ్ల పాపం అప్పటికే డబ్బాలో పడిపోయింది. దాన్ని పలచన చేయాలంటే మంచి మైళ్లు ఎక్కువ కలపాలి. పని అయ్యాక రోజూ మార్నీ స్కిప్టన్ దాకా వెళ్లి, ఏమీ కొనకుండా, తిరిగొచ్చేది. పదిహేను పౌండ్ల పెట్రోలు ఒట్టి మర్యాదకు కాలిపోయింది. గుడ్డు మే పదకొండుదే. ఆదివారం సాయంత్రం ఆమె భోజనం ముట్టలేదు. బెరిల్ చేసిన పులుసుని అనుమానించి కాదు; అనుమానంతో కాక దిగులుతో భోజనం మానడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున ఫోను మోగింది. యాభై మూడు.

ఆ రోజునుంచి తాళంచెవి మార్నీ మేజోడులో ఉండేది. నిద్రపోయినప్పుడు కూడా. తర్వాతి వారం ఎనభై ఆరు. కంపెనీనుంచి మూడో ఉత్తరం: "మీ అనుభవజ్ఞురాలైన రెండో డ్రైవరు సలహా ఫలించినందుకు అభినందనలు." బెరిల్ దాన్ని చదవలేదు. మడిచి అలమర మీది పింగాణీ కుక్క బొమ్మ కింద పెట్టింది.

ఆ గురువారం మార్నీ మధ్యాహ్నం నిద్రలేచి కిటికీ దగ్గరికొచ్చింది. కారు వీధిలోనే ఉంది. ఆ ఎర్ర పిడి తలుపుకి తాళం ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు, లాగితే వచ్చేస్తుంది. లోపల బెరిల్ కూర్చుని ఉంది. కోటు వేసుకుని, ఒళ్లో సంచీ పెట్టుకుని, డ్రైవరు సీట్లో కాదు, పక్క సీట్లో. ఎక్కడికీ పోని కారులో ముందుకి చూస్తోంది.

మార్నీ చాలాసేపు చూసింది. ఇందులో ఏదైనా ఎత్తుగడ ఉందా అని కూడా ఆలోచించి ఉంటుంది. తర్వాత మేజోడు తీసింది.

షరతులు మార్నీవి. మంగళవారం మాత్రమే, పక్కన తను కూర్చుంటుంది, కప్పులో గుడ్డు ఉంటుంది, గుడ్డు పగిలితే తాళం మేజోడులోకి. బెరిల్ జేబులో ఇంకో గుడ్డు దాచుకొస్తుందేమోనని సాక్షిగా నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టింది. ఇంతకుముందు వైఫై విషయంలో నన్ను అనుమానించినందుకు పరిహారం అదేనేమో.

"క్లచ్చి వదులు. మెల్లగా. ఇంకా మెల్లగా" అంటుంది మార్నీ.

"మీ తాత కూడా ఇలాగే సతాయించేవాడే."

"తాతకి గుడ్డు లేదు."

కొండదారి పొడుగునా బెరిల్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, పెదవులు బిగించి, గంటకి పాతిక మైళ్లు దాటకుండా నడిపింది. గొర్రెల గేటు దగ్గర మలుపులో గుడ్డు కప్పులో ఒక్కసారి ఊగి, నిలబడింది. ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు అద్దంలో నాకు కనబడింది.

పైన ఐస్‌క్రీం బండి దగ్గర ఆగాం. మా వెనకే ఒక తెల్ల వ్యాను ఆగింది, దాని వెనక ఇంకో తొమ్మిది బళ్లు. వ్యాను ఆయన దిగి, ఎర్రబడ్డ మొహంతో వచ్చి, మార్నీ వైపు అద్దం మీద తట్టాడు.

"ఏమ్మా, ఊళ్లోంచి ఇక్కడిదాకా, ఆరు మైళ్లు, మీ వెనకాల నత్తలా పాక్కుంటూ వచ్చానమ్మా."

మార్నీ అద్దం సగం దించి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆరు మైళ్లనుంచీ మా వెనకాలే ఎందుకొస్తున్నారు మీరు?"