‘పోనియ్యి’ అన్న ఉస్తాద్

కట్టంగూర్‌లో మాకు డ్రైవింగ్ నేర్పిన మహబూబ్ ఉస్తాద్ తుదిశ్వాస విడిచారన్న వార్త వచ్చినప్పుడు నేను మోత్కూర్‌లో బడి వ్యాను తుడుస్తున్నాను. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. మొన్ననేగా ఫోనులో ‘బ్రేకులు చూపించినవా?’ అని గద్దించారు! నమ్మబుద్ధి కాలేదు.

సహనమూర్తి అన్న మాట అందరికీ వాడేస్తుంటాం. ఆయనకది అక్షరాలా తగుతుంది. లేకపోతే నాలాంటి కోపిష్టిదానికి స్టీరింగ్ ఎవరిస్తారు?

మొదటి వారం తాళంచెవి ముట్టుకోనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, రోడ్డు మీద ఏముందో పైకి చెప్పమనేవారు. ఒకరోజు ఆగి ఉన్న బస్సును చూపించి, ‘దాని అవతల ఏమున్నది?’ అన్నారు.

‘ఏం లేదు.’

‘దిగి చూసి రాపో.’

వెళ్లి చూస్తే ఒక అవ్వ మూట నెత్తినెత్తుకుని రోడ్డు దాటబోతోంది. ‘గా అవ్వ కండ్లకు కనబడకముందే నీకు ఎరుకుండాలె’ అన్నారు. ఆ వారమంతా నా కలలోకి అవ్వలే వచ్చారు.

ఇక నా కోపం. ఎవరైనా అడ్డంగా దూసుకొస్తే వెంటపడి తిట్టాలనిపించేది. ఒకసారి అలాగే ఊగిపోతుంటే ఉస్తాద్ ప్రశాంతంగా ‘పోనియ్యి బిడ్డా’ అన్నారు. వాణ్ణి వదిలెయ్యమని ఆయన భావం. బండి పోనియ్యమన్నారనుకుని నేను యాక్సిలరేటర్ తొక్కేశాను! కారు వెళ్లి పత్తిచేలో ఆగింది. ఆయన పడీపడీ నవ్వారు. ‘తప్పు నాదే. గిప్పటిసంది ముందుగాల కాలు తియ్యి, చెయ్యెత్తి సలాం కొట్టు, గప్పుడు పోనియ్యి అను’ అన్నారు. ఆ సలాం ఆయన శిష్యులందరికీ గుర్తుగా మారింది.

చివరిచూపు కోసం మా కారులో బయల్దేరాను. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళతారని కబురు. దారిలో ఒకడు అడ్డంగా దూసుకొచ్చి ముందుకెళ్లాడు. దుఃఖం, కోపం ఒక్కసారే పొంగాయి. అయినా కాలు తీశాను. సలాం కొట్టి ‘పోనియ్యి’ అనుకున్నాను. మలుపు తిరిగేసరికి ఒక గొర్రెపిల్ల రోడ్డెక్కింది. వెనక మందంతా ఉంటుందని తెలుసు. చివరి గొర్రె దాటేదాకా ఆగాను.

నేను చేరేసరికి జనాజా ఖననానికి వెళ్లిపోయింది. ఆయన భార్య, మా చాచీ, నన్ను పట్టుకుని ఏడ్చారు.

‘జరసేపు ముందొస్తే చూస్తుంటివి గద బిడ్డా!’

‘తొవ్వల గొర్లు అడ్డమొచ్చినయి చాచీ. పోనిచ్చిన.’

చాచీ నా తల నిమిరారు. ‘గట్లనే నేర్పిండ్రు’ అన్నారు.

మా దారుల్లో ఆ గురుస్థానం ఇక శూన్యమే. ఉస్తాద్, మీ మాట మీద ఎందరినో పోనిచ్చాను. మిమ్మల్ని పోనివ్వడం మాత్రం నాకు చేతకావడం లేదు. చెయ్యెత్తి సలాం.