గంగవ్వ పరిచిన తడి గోనె

మా ఎల్లారెడ్డి వాడలో బీడీలు చుట్టిన గంగవ్వ ఇక లేదు. కామారెడ్డి దవాఖానలో తెల్లవారుజామున కన్నుమూసిందని కోడలు లక్ష్మి ఫోనులో చెబుతుంటే, నా చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. ఎదురింటి గడప వైపు చూశాను. ఆమె సాకిన ముసలి నల్లకుక్క కర్రోడు, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ పడుకుని ఉన్నాడు. వాడికి ఈ వార్త చెప్పేదెవరు?

గుక్కెడు నీళ్లు పోయనివారికి సైతం చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీలు కడుతున్న కాలమిది. నోరులేని ప్రాణులకు గ్రీష్మమంతా నీడై నిలిచిన మనిషికి అరచేయంత ఫోటో కూడా లేకపాయె. అందుకే, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చిన నేను ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

బీడీలు చుట్టే ఇండ్లలో తునికాకును నానబెట్టి, తడి గోనెలో చుట్టి ఉంచుతారు. మెత్తబడితేనే ఆకు కత్తెరకు లొంగుతుంది. ఆకు తీశాక ఆ గోనెను అందరూ దండెం మీద ఆరేస్తారు. గంగవ్వ మాత్రం దాన్ని మళ్లీ ముంచి, పిండి, వేపనీడలో పరిచేది. పక్కన మట్టి గోలెం నిండా నీళ్లు. వీధికుక్కలు వచ్చి పొట్టలు ఆనించి పడుకునేవి. తంబాకు చేటను వాటికి అందకుండా అటకెక్కించేది. కత్తెర చప్పుడు, కుక్కల ఉచ్ఛ్వాసనిశ్వాసాలు, తడి ఆకు వాసన. ఆ మధ్యాహ్నాలు నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో తేలుతుండేవి. ఇప్పుడు తలచుకుంటే ఆ ఎండ సైతం వెన్నెలలాగే తోస్తుంది.

ఒకసారి వాడలో ఒక పెద్దమనిషి తన బొచ్చుకుక్కను రేకుల షెడ్డు కింద కట్టేసి పెండ్లికి పోయాడు. అది రొప్పుతుంటే గంగవ్వ గొలుసు విప్పి నీడకు తెచ్చింది. పొట్టకూ పాదాలకూ తడిగుడ్డ అద్దుతూ కూర్చుంది. సాయంత్రం ఆయన వచ్చి గరమయ్యాడు.

"ఎవర్నడిగి తెచ్చినవ్ అవ్వా మా కుక్కను?"

"నిన్నడుగుదామంటే నువ్వు పెండ్లిల కూలర్ ముంగట కూసున్నవాయె బిడ్డా. ఉడకపోస్తే నువ్వు అంగీ ఇప్పుకుంటవ్. దాని బొచ్చంగీ ఎవడిప్పాలె?"

ఆయన నవ్వలేదు. గొలుసు పట్టుకుని పోయాడు. మరునాటి నుంచి మాత్రం ఆ కుక్క వాళ్ల వసారాలో కనబడింది.

ఆమెను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. వడదెబ్బ తగలకుండా మనం జేబులో ఉల్లిగడ్డ వేసుకుంటాం గదా. అదే నమ్మకంతో ఆమె కర్రోడి మెడకు గుడ్డలో ఉల్లిగడ్డ కట్టింది. వాడు గుడ్డ చింపి, దాన్ని కాస్తా తినేశాడు. కొన్నాళ్లకే లేవలేక పడిపోతే ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాం.

"ఉల్లిగడ్డ కుక్కలకు ఇసం అవ్వా," అన్నాడు డాక్టరు.

తిరుగుదారంతా ఆమె కర్రోడిని ఒళ్లోనే పెట్టుకుంది. వాడు కోలుకున్నాక ఇంటింటికీ తిరిగి, "నా కుక్కకు నేనే ఇసం గట్టిన. మీరు గట్టకుండ్రి," అని చాటింది. గిట్ల చెప్పుకుంటే సిగ్గుగాదా అక్కా అని అడిగాను.

"సిగ్గు నాది తమ్మీ, పానం దానిది. ఏది పెద్దది?"



ఆమె అంత్యక్రియలు కాగానే మా వాడవాళ్లే ఆ గోలేన్ని బోర్లించారు. "అవ్వనే పాయె, ఇగ కుక్కలెందుకు తాతా?" అని నాతో అన్నాడొకడు. ఒకరి చావు చూసి ఎండ తగ్గుతుందా? గోలేన్ని నిలబెట్టి నీళ్లు పోశాను. మా ఇంటి గోనె తడిపి వేపకింద పరిచాను. కర్రోడు వచ్చి, వాసన చూసి, వెనక్కి మళ్లాడు. ఆమె గడప ముందు కాలుతున్న బండ మీదే మళ్లీ పడుకున్నాడు. నీళ్లూ ముట్టలేదు. ఆ నల్లటి వీపు మీద ఎండ చూస్తుంటే, ఈ ఇంటి ముందు ఇంకో చావు చూస్తానేమో అనిపించింది.

లక్ష్మి లోపలికి పోయి, అత్త చివరిసారి ఆకు చుట్టిన గోనె తెచ్చింది.

"ఇది పరువుండ్రి మామా. గీ వాసన లేంది వాడు పండడు."

ముంచాను, పిండాను, ఆమె పరిచిన చోటే పరిచాను. తునికాకు వాసన తడితడిగా లేచింది. కర్రోడు మెల్లగా వచ్చి నీళ్లు తాగాడు. పొట్ట ఆనించి, కళ్లు మూశాడు. ఒక్క క్షణం లోపల ఎక్కడో కత్తెర చప్పుడు విన్నట్టే అయింది.

అక్కా, రోజూ గోనె తడుపుతున్నాను. తడిపిన కొద్దీ ఆ వాసన పలచబడుతోంది. అది పూర్తిగా పోయిననాడు వాడికి ఏం చెప్పాలో మాత్రం నాకు నేర్పకుండానే పోయావు.