చూసినవాడి కాగితం

"దేఖా, యా సునా?" అని అడిగాడు కంపెనీ సేఫ్టీ ఆఫీసర్. చూశావా, విన్నావా?

దోహాలో, అల్ తుమామా కట్టడం సైటు పక్కన వేసిన పోర్టా క్యాబిన్ అది. ఆఫీసర్ ముందు బల్ల మీద ఒకటే కాగితం. అందులో ఏడు ఇంగ్లిష్ వాక్యాలు, గుండ్రటి చేతిరాత, కొట్టివేత ఒక్కటి కూడా లేదు. రాసినవాడు నా పక్క కుర్చీలో చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకునే మనిషి. తోడు రమ్మంటే వచ్చాను.

చూశానని అతను హిందీలో చెప్పాడు. ఆఫీసర్ పెన్ను కొనతో ఒక్కో వాక్యం దగ్గరా ఆగుతూ పోయి, ఇందులో ఎక్కడా అలా లేదే అన్నాడు. అప్పుడు మావాడు నా వైపు తిరిగాడు.

"మీరన్న చెప్పుండ్రి సార్. నేను నా కండ్లతోని చూసిన. గంతే గదా రాసింది?"

నేను కాగితం చదివాను. అందులో రాసింది అది కాదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. నా భార్యకు ఇక్కడి బడిలో ఉద్యోగం వచ్చాక, నా ఉద్యోగం వదిలి ఆమె వెంట దోహా వచ్చాను. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా ఇల్లు. పై అంతస్తుల పిల్లలు ప్రవేశ పరీక్షల కోసం పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు బట్టీ పడుతూ అవస్థపడుతుంటే, సాయంత్రాలు వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. నిఘంటువు పట్టుకుని చెప్పడం నాకు చేతకాదు. మాటకో చీటీ రాసి, చీటీ మీద ఆ మాటతో ఒక వార్తా వాక్యం రాసి, చెప్పుల డబ్బాలో వేసేవాణ్ని. రోజూ డబ్బాలోంచి పది చీటీలు తీయాలి.

డబ్బాలో మొదట పడ్డవి మా డెస్కు మాటలే. రిపోర్టెడ్లీ, అలెజెడ్లీ, అండర్‌స్టుడ్ టు బీ. తెలుగులో మేం 'సమాచారం', 'ఆరోపణ', 'తెలిసింది' అని రాసేవి. నేను కొత్తగా చేరినప్పుడు మా సీనియర్ ఒకాయన చెప్పాడు: "నిజమైనా సరే, ఎవరో ఒకరి మీద పెట్టి రాయి. కోర్టుకెక్కితే కాపాడేది అదే." విలేకరి దగ్గరుండి చూసిన గొడవైనా సరే, డెస్కు దాటేసరికి 'జరిగినట్లు తెలిసింది' అయ్యేది. ఆ పని నా చేతికి ఎంత అలవాటైందంటే, తప్పొప్పుల ఆలోచన లేకుండానే చేసేవాణ్ని.

పిల్లలకు ఆ మాటలు భలే నచ్చాయి. "అంకుల్, మా తమ్ముడు అలెజెడ్లీ నా చాక్లెట్ తిన్నాడు. మూతికి ఇంకా అంటుకునే ఉంది," అనేది ఒక అమ్మాయి. అందరం నవ్వుకునేవాళ్లం.

క్యాబిన్‌లో నా పక్కన కూర్చున్న ఇతను మాత్రం శుక్రవారాలు, సెలవు రోజున వచ్చేవాడు. జగిత్యాల వైపు మనిషి, తొమ్మిదేళ్లుగా సైట్లలో పరంజా కట్టే పని. కూలీల క్యాంప్ నుంచి రెండు బస్సులు మారి, తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. ఫోర్మన్ కావాలని అతని కోరిక. ఫోర్మన్ అయితే రోజూ ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయాలి. తేలిక మాటలతో మొదలుపెడదామన్నాను.

"చిన్న మాటలు నాకొస్తయ్ సార్. పెద్దోళ్ల ముంగట పెద్ద మాటలు గావాలె. గా పిల్లలకు చెప్పేటియే చెప్పుండ్రి."

అదే డబ్బా అతని ముందు పెట్టాను. ఒక శుక్రవారం, సైటులో ట్రాలీ బోల్తాపడడం చూశానని తన మాటల్లో ఇంగ్లిష్‌లో రాసుకొచ్చాడు. 'నేను చూశాను' అన్న ముక్క కొట్టేసి, పైన రిపోర్టెడ్లీ అని రాశాను. ఎందుకని అడిగాడు. "నువ్వు చూశానంటే బాధ్యత నీ నెత్తిన పడుతుంది," అన్నాను. అతను తలూపి, నోట్‌బుక్కులో ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాడు.

ఆ తర్వాత కొద్ది వారాలకే అతని బావ పరంజా మీంచి పడ్డాడు, మడమ విరిగింది. ఇద్దరిదీ ఒకే ఊరు, క్యాంప్‌లో ఒకే గది. సేఫ్టీ బెల్టు కొక్కెం తగిలించుకోకుండా ఎక్కాడని సైటు ఫోర్మన్ రాశాడు. అదే ఖాయమైతే తప్పు పడ్డవాడిదే. కంపెనీకి బాధ్యత లేదు, కట్టు విప్పగానే ఇంటికి టికెట్టు. కొక్కెం తగిలించే ఉందనీ, తెగింది బెల్టు తాడనీ చూసినవాడు ఇతనొక్కడే. ఆ సాయంత్రమే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, నన్ను అడగకుండా, సొంతంగా వాంగ్మూలం రాసిచ్చాడు. బాధితుడు కొక్కెం తగిలించుకున్నట్లు సమాచారం. తాడు తెగినట్లు ఆరోపణ. ఏడు వాక్యాలూ అలాగే ఉన్నాయి. నేను డెస్కులో ఉండగా ఆ కాపీ వచ్చుంటే, ఒక్క దిద్దుబాటు లేకుండా ప్రెస్సుకు పంపేవాణ్ని.

ఇవన్నీ నేను నేర్పిన మాటలని ఆఫీసర్‌కు చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. కావాలంటే ఇంకో కాగితం రాసివ్వమన్నాడు. మొదటిది మాత్రం ఫైల్లోంచి తీయరట. "వారం తర్వాత, పక్కన మాస్టారిని కూర్చోబెట్టుకుని రాసిన రెండో కాగితాన్ని ఎవరు నమ్ముతారో మీరే చెప్పండి," అన్నాడు. తాడు సంగతి అడిగాను. సైటు ఊడ్చేశారు, స్క్రాప్ బండి ఎప్పుడో వెళ్లిపోయింది.

అక్కడే రెండో కాగితం ఇంగ్లిష్‌లో ఇలా రాశాడు: నేను చూశాను. కొక్కెం తగిలించి ఉంది. తాడు తెగింది. మూడే వాక్యాలు. నా దగ్గరికి రాకముందే అతనికి వచ్చిన మాటలవి.

క్యాంప్‌కు కలిసే వెళ్లాం. బావ కింది మంచం మీద పడుకుని ఉన్నాడు, కట్టిన కాలు దిండు మీద. జరిగింది చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నాడు.

"అరే బావా, నా పక్కకే ఉంటివి గదరా. ఈడ జరిగిన ముచ్చట మనూర్ల కూసుండి చెప్పినట్టు రాసినవ్."

"సార్ గట్లనే రాయాలన్నడు."

"సార్ పడలే గద, పడింది నేను," అని నా వైపు చూసి, "మిమ్మల్ని అంటలేను సార్. చాయ్ తాగుతరా?" అన్నాడు.

తాగాను. కాదనడానికి మొహం చెల్లలేదు.

కొన్ని వారాల తర్వాత, మడమ ఎముక అతుక్కోలేదని, ఇంకో ఆపరేషన్ కావాలని డాక్టర్లు చెప్పారు. అది ఎక్కడ, ఎవరు చేయించాలన్నది ఫైలు తేలాకేనట. మావాడు శుక్రవారాలు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మర్యాదగా మాట్లాడతాడు, డ్యూటీ ఉందంటాడు. పిల్లలు వస్తూనే ఉన్నారు. మొన్నటి పరీక్షలో ఆ చాక్లెట్ అమ్మాయికి మంచి మార్కులొచ్చాయని వాళ్లమ్మ లడ్డూలు తెచ్చిచ్చింది.

ఫైల్లో రెండు కాగితాలూ ఒకే పిన్నుకు ఉన్నాయి. రెంటి కిందా ఉన్నది అతని సంతకమే. ఏది చెల్లుతుందో కంపెనీ ఇంతవరకు చెప్పలేదు.