తెల్లబడిన కళ్ళు

మా బాపు మగ్గం నేసేవాడు, దాంతోపాటు పసిరికలకు మందిచ్చేవాడు. పసిరికలంటే కామెర్లు; మా కరీంనగర్ వైపు అలాగే అంటాం. ఆదివారం, బేస్తవారం తెల్లవారేసరికి మా వాకిట్లో రోగులు కూర్చుని ఉండేవాళ్ళు. పరగడుపున రావాలి, దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. బాపు ఇత్తడి పళ్ళెంలో సున్నపు నీళ్ళు పోసి రోగి చేతులు కడిగేవాడు. నీళ్ళు పచ్చబడితే రోగం ఉన్నట్టు. ఆకు పసరు మేకపాలలో కలిపి తాగించి, ఉప్పూ నూనే మానిపించేవాడు. కళ్ళు తెల్లబడి, పళ్ళెంలో నీళ్ళు కూడా తెల్లగా నిలిచిన రోజున "దిగింది, పో" అనేవాడు. ఆ మాట అన్నాక అదే మనిషికి మళ్ళీ మందివ్వకూడదు, ఇస్తే హస్తవాసి పోతుందని మా తాత పెట్టిన కట్టుబాటు. బాపు లెక్కలో పసిరికలు రెండే రకాలు: ఉన్నవి, దిగినవి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు, నేను ఇరవై దాటిన వయసులో, ఆ పసిరికలు నాకే వచ్చాయి. బాపు మందిచ్చాడు, నీళ్ళు తెల్లబడ్డాయి, దిగిందన్నాడు. కోడిని కోసి పత్యం విడిపించారు. ఆ తర్వాత నెలలు గడిచినా నాకు సత్తువ రాలేదు. పొద్దున మగ్గం గుంటలో దిగితే మధ్యాహ్నానికి కాళ్ళు ఆడేవి కావు. కుడి డొక్క కింద ఏదో బరువు. అన్నం వాసనకే కడుపులో తిప్పేది. బాపు కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు నా రెప్పలు విప్పి చూశాడు.

"గీ కండ్లు జూడు, పాల లెక్క తెల్లగున్నయ్. నీకు రోగం లేదు బిడ్డా, పని మీద పానం లేదు."

వాడంతా ఆ మాటే పట్టుకుంది. నాకు కాంచోర్ అని పేరు పెట్టారు, పని దొంగ అని. ఒళ్ళు మండేది. జ్వరమైనా వస్తే ముట్టి చూడమనొచ్చు, నా దగ్గర చూపించడానికి ఏమీ లేకపాయె! అంతకంటే పెద్ద భయం నన్ను కన్న మా అవ్వ గురించి. ఆమెకూ పసిరికలు వచ్చి దిగాయి. ఆ తర్వాత మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ గోడకు ఒరిగేది. బాపు ఆమెనూ ఇదే మాటన్నాడు. చివరికి కడుపులో నీళ్ళు చేరి చనిపోయింది. దాన్ని వేరే జబ్బు అనుకున్నారు అందరూ. నేను మాత్రం గోడకు ఒరిగినప్పుడల్లా ఆమె గుర్తొచ్చి గబుక్కున లేచి కూర్చునేవాణ్ణి.

బాపుకు చెప్పకుండా కరీంనగర్ దవాఖానకు బస్సెక్కాను. అక్కడి డాక్టరు కళ్ళు చూసి వదిలెయ్యలేదు. పడుకోబెట్టి, డొక్క కింద వేళ్ళు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. కాలేయం పెరిగి చేతికి తగులుతోందన్నాడు. రక్తం పరీక్ష చేయిస్తే, పసుపు పోయినా లోపల వాపు పోలేదని తేలింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో సూదితో కాలేయం ముక్క తీసి చూడాలని, పెద్దవాళ్ళెవరైనా వెంట ఉండాలని చెప్పాడు. ఇక బాపుకు చెప్పక తప్పలేదు; ఆయన దారి పొడుగునా గొణుగుతూనే వచ్చాడు. నాది దొంగ రోగమని పెద్ద డాక్టరు నోటే వినాలని ఆయన పట్టుదల.

పక్కటెముకల మధ్య సూది గుచ్చారు. ఊపిరి బిగపట్టమన్నారు, పట్టాను. తీసిన ముక్క సీసాలో నూలుపోగంత సన్నంగా ఉంది.

కొన్ని రోజులకు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. చాలామందికి కామెర్లు వచ్చి, కొన్ని వారాల్లో పూర్తిగా పోతాయి. కొందరిలో కళ్ళు తెల్లబడినా కాలేయంలో వాపు నెలల తరబడి ఉండిపోతుంది. దీర్ఘకాలపు వాపు అంటారు దాన్ని. అందులోనూ తేడాలున్నాయి. ఒకటి లోపల ఒక పక్కన పడి ఉంటుంది. ఇంకొకటి కాలేయాన్ని కొద్దికొద్దిగా తింటూ పోతుంది; తిన్నచోట మచ్చ కట్టి గట్టిపడుతుంది, ఆఖరికి కడుపులో నీళ్ళు చేరుతాయి. ఏది ఏదో కళ్ళ రంగు చెప్పదు, సూక్ష్మదర్శిని కింద ముక్క చెబుతుంది. నాది ప్రస్తుతానికి మొదటి రకమేనని, విశ్రాంతి తీసుకుంటూ మధ్యమధ్య వచ్చి చూపించుకొమ్మని అన్నాడు. నేను బతుకుతానని అప్పుడు నమ్మకం కలిగింది. కాంచోర్‌ను కాదని వాడంతా తిరిగి చెప్పాలనిపించింది.

మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా అని డాక్టరు మామూలుగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"వీని అవ్వకు వచ్చింది సారు. నేనే మందిచ్చిన. కండ్లు తెల్లగైనయ్, దిగిందన్న. తర్వాత ఆమెనే, నాకింక తగ్గలేదయ్యా, ఇంకోసారి మందియ్యి అని అడిగింది. నేనియ్యలే."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రెండోసారి ఇచ్చినా ఆ పసరు ఆమెను కాపాడేది కాదని డాక్టరు మెత్తగా చెప్పాడు. బాపు తల ఊపాడు గానీ ఆ మాట ఆయనకు ఎక్కినట్టు లేదు. ఆయన మీద నాకు కోపం పోయిందని చెప్పను. తిరుగు బస్సులో మాత్రం నా భుజానికి కిటికీ గాలి తగలకుండా తన రుమాలు కప్పితే, వద్దనలేదు.

తర్వాతి ఆదివారం వాకిట్లో ఎప్పటిలాగే రోగులున్నారు. పక్క ఊరి ఆడమనిషి ఒకామె చేతులు కడిగితే నీళ్ళు తెల్లగా నిలిచాయి. దిగిందన్న ఒక్క మాట విని ఇంటికి వెళ్దామని ఆమె లేచి నిలబడింది. బాపు ఆమె రెప్పలు విప్పి చూశాడు.

"కండ్లయితే తెల్లగైనయ్ బిడ్డా. దిగిందో లేదో నాకు తెల్వది," అన్నాడు. "కరీంనగర్ పోయి డొక్క సూపిచ్చుకో."